కాలేయంలోని చక్కెర గుట్టు విప్పిన విదుషి గెర్టీ కోరీ

మధుమేహమనే మాట వినిపించని గృహం నేడు అరుదు. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లవారేసరికి రక్తంలో చక్కెర ఎందుకు పెరుగుతున్నదని ఎందరో రోగులు వైద్యులను ప్రశ్నిస్తుంటారు. చక్కెర భోజనం నుండి మాత్రమే కాదు, మన కాలేయం నుండి కూడా వస్తుంది. ఆ మార్గాన్ని లోకానికి విశదపరచినవారిలో గెర్టీ కోరీ అగ్రగణ్యురాలు.

ఆమె 1896 ఆగస్టు 15న ప్రాగ్ నగరంలో జన్మించింది. తండ్రి చక్కెర కర్మాగారాలను నిర్వహించిన రసాయన శాస్త్రవేత్త. పదహారవ ఏట వైద్యవిద్య నభ్యసింప సంకల్పించగా, అందుకు కావలసిన లాటిన్, గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు బాలికల పాఠశాలలో తాను చాలినంత నేర్వలేదని తేలింది. ఆమె వెనుదీయలేదు. ఏళ్ల తరబడి సాగే పాఠాలను స్వల్పకాలంలో ముగించి 1914లో వైద్య కళాశాలలో చేరింది. 1920లో పట్టం పుచ్చుకొని, సహాధ్యాయి కార్ల్ కోరీని వివాహమాడింది. 1922లో ఆ దంపతులు అమెరికా చేరారు.

శ్రమించిన కండరాలలో పుట్టే లాక్టిక్ ఆమ్లం రక్తం ద్వారా కాలేయానికి చేరి, అక్కడ తిరిగి గ్లూకోజుగా మారి కండరాలకు వస్తుందని 1929లో వారు వివరించారు. అదే కోరీ చక్రం. కాలేయంలోను కండరాలలోను నిలువ ఉండే గ్లైకోజెన్ ఫాస్ఫేటుతో కూడి విడివడుతుందని 1936లో కనుగొన్నారు. అట్టి పరిశోధనలకు ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఎంతో అవసరం. భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో అట్టి పద్ధతినే ప్రకటించి జీవరసాయన శాస్త్రానికి మహోపకారం చేశారని ఇచట స్మరించుట ఉచితం.

1931లో సెయింట్ లూయీ చేరినప్పుడు భర్తకు ఆచార్య పదవి లభించగా, సమాన ప్రతిభ గల ఆమెకు దక్కినది స్వల్ప వేతనంతో సహాయక పరిశోధకురాలి స్థానం మాత్రమే. ఆచార్యత్వం 1947లో గాని రాలేదు. అదే సంవత్సరం భర్తతోను, అర్జెంటీనా శాస్త్రవేత్త హౌసేతోను కలిసి నోబెల్ బహుమతి స్వీకరించి, వైద్యశాస్త్రంలో ఆ గౌరవం పొందిన ప్రథమ మహిళగా నిలిచింది. ఆ ఏడే ఎముక మూలుగను క్షీణింపజేసే వ్యాధి ఆమెకు సోకినట్లు బయటపడింది.

అయినా ప్రయోగశాలను వీడలేదు. కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదలడానికి తోడ్పడే చివరి ఎంజైము గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్. పుట్టుకతోనే అది లోపించిన పిల్లలలో కాలేయం ఉబ్బి, ఉపవాసంలో చక్కెర పడిపోతుంది. ఈ లోపాన్ని 1952లో దంపతులు నిరూపించారు. మధుమేహంలో జరిగేది దీనికి విపర్యయం. ఇన్సులిన్ అదుపు సడలగా, ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువు అతిగా పనిచేస్తుంది. కాలేయం అవసరానికి మించి చక్కెర విడుదల చేస్తుంది. ఈ జన్యురహస్యం ఆమె అనంతరం వెల్లడైనా, దానికి పునాది వేసినది ఆమె కృషియే.

1957 అక్టోబరు 26న ఆమె కన్నుమూసింది. చదువులో వెనుకబడ్డామని కుంగిపోయే విద్యార్థినులకు, ఆడపిల్లకు ఇంత చదువెందుకని సందేహించే తల్లిదండ్రులకు ఆమె జీవితమే సమాధానం.