కంచులో మైనపు దారం: శిల్పి మీరా ముఖర్జీ

మీరా ముఖర్జీ బస్తర్ లోహకారుల ముంగిట శిష్యురాలిగా కూర్చున్న నాటికి ఆమె వయస్సు నలభైకి చేరువైంది. 1923లో కలకత్తాలో జన్మించిన ఆమె అప్పటికే ఢిల్లీలో చిత్రలేఖనం, శిల్పం అభ్యసించారు. 1953 నుంచి 1956 వరకు జర్మనీలోని మ్యూనిక్ కళా అకాడమీలో శిక్షణ పొందారు. వైవాహిక బంధం తెగిపోయింది. స్వదేశానికి వచ్చాక జీవిక కోసం పాఠశాలల్లో బోధించారు. విద్య చేతిలో ఉన్నా అది అరువు తెచ్చుకున్న భాషలా తోచడమే ఆమె వేదన.

భారత మానవ విజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున 1961 నుంచి 1964 వరకు సంప్రదాయ లోహకారుల పనితీరును నమోదు చేసే బాధ్యత లభించింది. ఆమె రాసుకొని తిరిగి వచ్చేయలేదు, పని నేర్చుకున్నారు. బస్తర్‌లోని ఘడ్వా కుటుంబాలు ముందుగా బంకమట్టితో లోపలి రూపం తీర్చుతాయి. వేడిచేసిన తేనెమైనాన్ని, మన ఇళ్లలో జంతికలు ఒత్తినట్లే, గొట్టంలో ఒత్తి సన్నని దారాలు తీస్తాయి. ఆ దారాలను మట్టిపై వరుసగా చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటును ఇత్తడి ఆక్రమిస్తుంది. మన ఆదిలాబాద్ ఓజా కళాకారులదీ ఇదే కుటుంబానికి చెందిన విద్య. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

చిన్న దేవతామూర్తులకు, దీపాలకు అలవాటుపడిన ఈ పద్ధతిని నిలువెత్తు కంచు విగ్రహాలకు విస్తరించడం సామాన్యమైన సాహసం కాదు. రూపం పెద్దదయ్యేకొద్దీ లోహం అంతటా పారకముందే గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే భారీ శిల్పాలను భాగాలుగా పోతపోసి అతికేవారు. 1972 నాటి ‘కళింగలో అశోకుడు’ ఎత్తు 11 అడుగులకు పైమాటే. విజేతగా కాక, విజయ భారంతో కుంగిన మనిషిగా చక్రవర్తిని చూపిన ఆ శిల్పం నేడు ఢిల్లీలోని ఒక హోటల్ ఉద్యానంలో ఉంది. బెంగాల్ రాజకీయ హింసతో అట్టుడికిన ఏళ్లలోనే అది రూపుదిద్దుకోవడం యాదృచ్ఛికమని అనుకోలేం.

ఆమె కంచు దగ్గరే ఆగలేదు. గ్రామ మహిళలను, పిల్లలను కూడగట్టి కాంతా కుట్టుపనితో పెద్ద వస్త్ర చిత్రాలు తయారుచేయించారు. ఆ నూలు కుట్లను చూశాక కంచు ప్రతిమలను మరోసారి చూడాలి. బావుల్ గాయకుని ఒంటిపైన, శ్రామికుల వీపులపైన పరుచుకున్న గీతలు కుట్టుపనిలాగే కనిపిస్తాయి. అవి మైనపు దారాలు లోహంలో మిగిల్చిన జాడలు.

తాను చూసిన కళాకారుల వివరాలతో 1978లో ఒక గ్రంథం వెలువరించారు. 1992లో పద్మశ్రీ లభించింది. 1998లో కన్నుమూసే నాటికి కలకత్తా శివార్లలోని ఎలాచీ గ్రామంలో, మట్టి కొలిమి చెంతనే ఆమె పని సాగుతూ ఉంది.