వలస జనుల ఆప్తుడు మాత్యూ కేరీ

పొట్టకూటికై సముద్రము దాటి, చేతిలో దమ్మిడీ లేక రేవులో దిగిన పరదేశికి దిక్కెవరు? అట్టివారి కొరకే 1790లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో ఐర్లండు వలసదారుల సహాయార్థము హైబర్నియన్ సొసైటీ వెలసినది. దాని స్థాపకులలో ఒకరు, కార్యదర్శి అయిన మాత్యూ కేరీగారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

కేరీగారు 1760లో డబ్లిన్ నగరములో ఒక రొట్టెల వ్యాపారి యింట జన్మించిరి. పసితనమున దాది చేతినుండి జారిపడుటచే జీవితాంతము కుంటుచునే నడచిరి. కతోలికులను అణచు చట్టములను ఖండించుచు యౌవనములోనే ఒక కరపత్రము వ్రాసి, శిక్షకు వెరచి పారిస్ చేరి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చుకూటములో కొంతకాలము పనిచేసిరి. తిరిగివచ్చి నడిపిన పత్రిక మూలమున 1784లో చెరసాల చూచిరి. విడుదలయైనను ముప్పు తప్పలేదు. ఆ యేటనే స్త్రీవేషము వేసికొని అమెరికా ఓడ యెక్కిరి. కాబట్టి వలసవాని గతి ఎట్లుండునో ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఫ్రెంచి సేనాని లఫాయెట్ ఇచ్చిన 400 డాలర్లతో అక్కడ పత్రిక ఆరంభించిరి. అది కానుకయే, అయినను 1824లో లఫాయెట్ మరల అమెరికా వచ్చినప్పుడు ఆ సొమ్ము తిరిగి చెల్లించిరట! మాకు ఆయనపై గౌరవము పెంచినది ఈ చిన్న సంగతియే.

1790లోనే ఆయన అచ్చుకూటమునుండి డూయే అనువాదపు బైబిలు వెలువడినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అచ్చయిన మొదటి కతోలిక బైబిలు అదియే. సంఘములో మాత్రము మతభేదము పాటింపలేదు. మొదటి అధ్యక్షుడు, ప్రధాన న్యాయమూర్తి థామస్ మెకీన్ ప్రెస్బిటీరియన్ శాఖవారు. స్వదేశములో ఎడమొగము పెడమొగముగా నుండిన శాఖలవారు పరదేశములో తమవారి ఆకలి తీర్చుటకు ఒకచోట కూర్చుండిరి. 19వ శతాబ్ది చివర ఈ సంఘము పునీత పాట్రిక్ మిత్రుల సంఘమను పేరు వహించినది.

ఒక మచ్చను కూడ దాచరాదు. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరము వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. కేరీగారు సహాయక సంఘములో సభ్యులై, ఆ విపత్తును గూర్చి పుస్తకము వ్రాసిరి. అందులో రోగులకు పరిచర్య చేసిన నల్లజాతివారిలో కొందరు అధిక ధనము గుంజిరని నిందించిరి. ప్రాణములకు తెగించి సేవచేసిన ఆ జనుల పక్షమున రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ 1794లో గట్టి జవాబు ప్రకటించిరి. న్యాయము వారిదేయని మా అభిప్రాయము. పరాయివాడై బాధలుపడినవాడు మరియొక పీడిత జాతిని అంత తేలికగా నిందించుట విచారకరము.

వృద్ధాప్యములో ఆయన కలము ఎక్కువగా కుట్టుపని స్త్రీల కూలి కొరకు సాగినది. పగలు రేయి కుట్టినను వారికి పొట్ట గడవదని లెక్కలు కట్టి చూపుచు, కరపత్రము వెంట కరపత్రము అచ్చువేయించిరి. 1839 సెప్టెంబరు 16న మరణించిరి. ఫిలడెల్ఫియాలోని పునీత మరియమ్మ దేవాలయపు సమాధి స్థలములో ఆయనను పాతిపెట్టిరి.