ఘంటసాల వెంకటేశ్వరరావు

ఘంటసాల వెంకటేశ్వరరావు (డిసెంబరు 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) తెలుగు చలనచిత్ర నేపథ్య గాయకులు, సంగీత దర్శకులు. తెలుగువారికి ఆయన ముఖ్యంగా సినిమా పాటల ద్వారా పరిచితులైనా, గ్రామఫోను కంపెనీకి విడిగా పాడిన పద్యాలు, లలిత గీతాలు, భగవద్గీత ఆయన ప్రతిభను అంచనా వేయడానికి సినిమా పాటలకంటె తక్కువైన ఆధారాలు కావు.

బాల్యం, సంగీతాభ్యాసం

ఘంటసాల కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ, తల్లి రత్తమ్మ. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబం ఇబ్బందుల పాలయ్యింది. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో ఆయన విజయనగరం చేరి, మహారాజావారి సంగీత కళాశాలలో చదువుకొన్నారు. భోజనానికి జోలె పట్టి మధుకరం చేసుకొన్న రోజులవి. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను శిష్యునిగా చేరదీసి విద్య నేర్పారు. గురుపుత్రులైన పట్రాయని సంగీతరావు తరువాతి కాలంలో ఘంటసాలకు సంగీత సహాయకులుగా చాలా ఏళ్ళు పనిచేసారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాల జైలుశిక్ష అనుభవించారు. 1944లో సావిత్రితో వివాహం జరిగింది. రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. స్వర్గసీమ (1945) చిత్రంతో నేపథ్య గాయకులయ్యారు. మన దేశం (1949), షావుకారు (1950), పాతాళ భైరవి (1951), లవకుశ (1963), పాండవ వనవాసం (1965) ఆయన సంగీతం కూర్చిన చిత్రాలలో కొన్ని.

ప్రైవేటు రికార్డులు

సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోను కంపెనీలు విడుదల చేసే పాటలను అప్పట్లో ప్రైవేటు రికార్డులు అనేవారు. సినిమాలో ఘంటసాల గొంతు పాత్రకూ నటునికీ లోబడి ఉండవలసి వచ్చేది. ఎన్.టి.రామారావుకు పాడిన తీరు వేరు, అక్కినేని నాగేశ్వరరావుకు పాడిన తీరు వేరు. ఈ మార్పును శ్రోతలు ఎంతగానో మెచ్చుకొన్నారు. కాని ఏ నటునికీ అరువివ్వని ఘంటసాల సొంత గొంతు వినాలంటే ప్రైవేటు రికార్డులే వినాలి. సాహిత్యం ఎంపికలో, వరస కట్టడంలో కూడా ఇక్కడ ఆయనకు స్వేచ్ఛ ఎక్కువ.

వీటిలో ప్రథమ స్థానం జంధ్యాల పాపయ్యశాస్త్రి (కరుణశ్రీ) రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి ఖండికలకే ఇవ్వాలి. అప్పటి 78 భ్రమణాల రికార్డుపై ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టేది కాదు. నాటకాలలో ఒక్క పద్యానికి అంతకు రెట్టింపు సమయం రాగాలాపనతో గడిపే అలవాటుండేది. ప్రేక్షకులు కూడా దానినే కోరుకొని వన్స్‌మోర్ కొట్టేవారు. ఘంటసాల ఆ సాగదీతను విడిచి, పదాల విరుపు స్పష్టంగా వినబడేలా, భావానికి కావలసినంత రాగమే చూపించారు. రికార్డు నిడివి విధించిన హద్దు ఈ పద్ధతికి కొంత దోహదం చేసిందనుకొన్నా, అదే హద్దులో పాడిన మిగిలిన గాయకులందరికీ ఇది సాధ్యపడలేదు. పుష్పవిలాపంలో పూజకోసం పూలు కోయబోయినవాని మాట, పూల మొర రెండూ ఒకే గొంతులో వినిపించాలి. గొంతు మార్చి నటించకుండానే ఆ తేడాను తెలియజేయడం ఈ రికార్డు గొప్పతనం. కుంతీకుమారిలో కథ చెప్పే తీరు ఎక్కువ. పసికందును నదిలో వదిలే ఘట్టంలో కూడా ఆయన ఏడుపు ధ్వనిని ఆశ్రయించలేదు. బడికి వెళ్ళనివారు కూడా ఈ పద్యాలను కంఠస్థం చేయగలిగారంటే, అందులో కవితో పాటు గాయకుని పాత్ర కూడా ఉంది.

దాశరథి రచించిన తలనిండ పూదండ లలిత గీతాలలో మేలైనది. ఘంటసాల పాడిన భక్తిగీతాలు చాలా ఉన్నాయి. అయితే వీటిలో కొన్నింటి వరసలు, వాద్యగోష్ఠి నాటి సినిమా పాటలకు మరీ దగ్గరగా ఉండటంతో, పద్యాలలో కనిపించే ప్రత్యేకత అన్నింటిలోనూ కనిపించదు.

భగవద్గీత

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. అదే సంవత్సరం హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన గాన జీవిత రజతోత్సవం జరిగింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేసారు. అప్పటికే మధుమేహం ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ సమయంలో గుండెనొప్పి రావడంతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది.

భగవద్గీత రికార్డు ఈ చివరి సంవత్సరాలలో రూపొందింది. మొత్తం 700 శ్లోకాలలో సుమారు వంద శ్లోకాలను ఎంచుకొని, వేరువేరు రాగాలలో స్వరపరచి పాడి, ఒక్కొక్కదానికి తెలుగు తాత్పర్యం కూడా తానే చెప్పారు. పుష్పవిలాపం నాటి తేలిక, పై స్థాయిలో ఆ మెరుపు ఇందులో లేవు. గొంతు బరువెక్కింది. దీనిని లోపంగా ఎంచేవారు ఉన్నారు. కాని ఘంటసాల తన గొంతు స్థితి ఎరిగి, మంద్ర, మధ్య స్థాయిలలోనే ఎక్కువగా నిలిచి, ఉచ్చారణ మీద దృష్టి పెట్టారు. ఉపాధ్యాయుడు పాఠం చెప్పినట్టు శ్లోకం వెంటనే తాత్పర్యం రావడంతో, సంస్కృతం తెలియని లక్షలాది మందికి గీత అంటే ఈ రికార్డే అయ్యింది. పాండిత్య ప్రదర్శనకు పూర్తిగా అవకాశం ఉన్నచోట దానిని పక్కన పెట్టడం చిన్న విషయం కాదు.

ఈ రికార్డుకు అనుకోని ఒక దుస్థితి కూడా పట్టింది. తెలుగు ప్రాంతాలలో మరణం సంభవించిన ఇళ్ళ వద్ద, అంతిమయాత్ర వాహనాలలో దీనిని వినిపించడం ఆచారంగా మారింది. ఫలితంగా మామూలు రోజులలో ఇంట్లో ఇది పెట్టడానికి జంకేవారు ఎందరో ఉన్నారు. యుద్ధానికి వెనుదీసినవానిని కర్తవ్యానికి పురికొల్పే గ్రంథం చావుకబురుగా మిగలడం ఘంటసాల కృషికి జరిగిన అన్యాయమే. చావు ఇళ్ళ సందర్భం పక్కనబెట్టి వింటే, సాంఖ్య యోగం మొదలుకొని కర్మ యోగం వరకు ఆయన గొంతులో ఉన్నది శోకం కాదని, ధైర్యం చెప్పే నిబ్బరమని తెలుస్తుంది.

మరణం

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో 51 ఏళ్ళ వయసులో మరణించారు. భగవద్గీత రికార్డు ఆ సంవత్సరమే, ఆయన మరణానంతరం విడుదలయ్యింది. 2003లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది.