పాలేరు కట్ట వెనుక ఒక మనిషి



మోతె నుండి ఖమ్మం వెళ్లే బస్సు ఎప్పుడైనా ఎక్కారా? ఎక్కే ఉంటారు. పెళ్లి బట్టలకో, ఆస్పత్రికో, కోర్టు వాయిదాకో మన వాళ్లు ఆ దారిన పోతూనే ఉంటారు. నాయకన్‌గూడెం దాటాక రోడ్డు పక్కనే పాలేరు జలాశయం కనబడుతుంది. కిటికీలోంచి చల్లగాలి వస్తే పిల్లలు నిద్రలేచి చూస్తారు, పెద్దలు నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఒక చూపుతో అంచనా కడతారు. ఆ నీటిని ఆపిన కట్ట ఎవరి ఆలోచనలో పుట్టిందని అడిగితే మాత్రం మనలో నూటికి ఒకరు కూడా చెప్పలేరు. నేనూ చాలాకాలం చెప్పలేకపోయాను.

ఈ మధ్య ఒక కుటుంబం వారు తమ పొలం తగాదా పరిష్కరించమని నన్ను పిలిచారు. అన్నదమ్ములిద్దరూ మన విచారణ వారే. తండ్రి విడిచిన నాలుగెకరాలు చెరి సగం పంచుకున్నారు. కాలువకు దగ్గరి సగం అన్నకు, దిగువ సగం తమ్మునికి వచ్చింది. నీళ్లు తక్కువ వచ్చిన ఏడు అన్న మడి నిండింది, తమ్ముని మడి నెర్రెలు బాసింది. ఒక రాత్రి గట్టు తెగింది. ఎవరు తెంపారో అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు. అప్పటినుండి ఒకరు మొదటి పూజకు వస్తే మరొకరు రెండో పూజకు వస్తున్నారు. వాళ్లు నా ముందు పెట్టిన పాత పహాణీ కాగితంలో తండ్రి భూమి ఎదురుగా ఖుష్కీ అని ఉంది. తరువాతి కాలపు కాగితంలో అదే సర్వే నంబరుకు తరి అని ఉంది. ఖుష్కీ అంటే మెట్ట, తరి అంటే మాగాణి. మట్టి అదే, హద్దు రాళ్లు అవే. మారినదల్లా ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం జీవితమంతా పనిచేసిన మనిషి గురించి ఈ వారం మీకు చెప్పాలనిపించింది.

ఆయన పేరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్. అది నిజాం ఇచ్చిన బిరుదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో జన్మించారు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. చదువు సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులో, మదరసా-ఎ-ఆలియాలో, నిజాం కళాశాలలో సాగింది. 1896లో ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరారు. భారతదేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టే ఇంజనీర్లను తయారు చేయడానికే పెట్టిన కళాశాల అది. 1899లో తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా కుదిరారు.

అప్పటికి గోదావరి, కృష్ణా డెల్టాలు పచ్చబడి అర్ధ శతాబ్దం కావస్తోంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడని, తరువాత బెజవాడలో మరో ఆనకట్ట లేచిందని మీ అందరికీ తెలుసు. మరి అదే కృష్ణ, అదే గోదావరి నిజాం రాజ్యం గుండానే కదా సముద్రానికి పోతున్నాయి, ఇక్కడ పొలాలు ఎందుకు ఎండిపోయాయి? మన పల్లెల్లో చాలామంది దీన్ని పాలకుల నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ నేల వాలు సంగతి కూడా చూడాలి. డెల్టాలో ఏటికి అడ్డంగా ఒక మాదిరి గోడ కడితే చాలు, నీరు దానంతటదే కాలువల్లోకి మళ్లి పొలాల మీదికి జారుతుంది. మన వైపు ఏరు లోతున పారుతుంది, పొలం మెరకన ఉంటుంది. వాన నాలుగు నెలలు పడి ఎనిమిది నెలలు ముఖం చాటేస్తుంది. ఇక్కడ నీటిని మళ్లించడం చాలదు, పట్టి దాచాలి. కాకతీయుల కాలం నుండి మన పెద్దలు ఊరూరా చెరువు తవ్వింది అందుకే. అయితే చెరువు ఒక ఊరి దాహం తీరుస్తుంది. రెండేళ్లు వరుసగా వాన లేకపోతే చెరువు కూడా చేతులెత్తేస్తుంది. ఏటినే చెరువు చేయాలన్న ఆలోచన అక్కడినుండి వచ్చింది.

ఇంతలో 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. ఒక్క రోజులో హైదరాబాదులో పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. మరుసటి ఏడు నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను నగరానికి పైనే పట్టి ఆపే రెండు జలాశయాలను ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. విశ్వేశ్వరయ్య పేరు మన పిల్లల పాఠాల్లో ఉంది. ఆ పనులను నడిపించిన స్థానిక ఇంజనీర్లలో ముఖ్యుడైన అలీ నవాజ్ జంగ్ పేరు చాలాకాలం ఏ పాఠంలోనూ లేదు. ఇద్దరి మధ్య మంచి గౌరవం ఉండేది. 1929లో సింధులోని సుక్కూరు ఆనకట్ట ఖర్చులను పరిశీలించడానికి బొంబాయి ప్రభుత్వం పిలిచిన ఇద్దరు ఇంజనీర్లు వీరే. ఇంగ్లీషు ఇంజనీర్లు కడుతున్న పనిని ఇద్దరు భారతీయులు తనిఖీ చేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1918లో ఆయన ప్రధాన ఇంజనీరు, శాఖ కార్యదర్శి అయ్యారు. తరువాతి ఇరవై ఏళ్లలో తెలంగాణ పటం మీద కొత్త నీలిరంగు మచ్చలు వెలిశాయి. మెదక్ వైపు పోచారం, మన పక్కన 1920ల చివర పాలేరు, ఆ వెంటనే వైరా. వాటన్నిటిలో పెద్దది మంజీర మీద నిజాం సాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయింది. రాయి, సున్నం కలిపి మూడు కిలోమీటర్ల పొడవున కట్టిన గోడ అది. నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రధాన కాలువ, నిజామాబాదు జిల్లాలో 2,75,000 ఎకరాల ఆయకట్టు. ఆ కాలువ కింద చెరుకు విరివిగా పండబట్టే 1930ల చివర బోధనులో పెద్ద చక్కెర కర్మాగారం లేచింది. 2015 చివర మూతపడేవరకు ఆ జిల్లా రైతులకు అదే బ్యాంకు, అదే పండుగ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నీటి గురించి రాసేవాళ్లు ఎకరాలు లెక్క చెప్పి ఊరుకుంటారు. నేను రైతు బిడ్డను, అంతటితో ఊరుకోలేను. నిజాం సాగర్ నీటి కింద నలభై దాకా గ్రామాలు మునిగాయి. ఆ ఊళ్ల వారి పొలాలు నది అడుగున ఉండిపోయాయి, దిగువ వారి చెలకలు తరి అయ్యాయి. కాలువ వచ్చిన తరువాత కూడా స్థానిక రైతులు చాలామంది వెంటనే వరి వేయలేకపోయారు. మెట్ట భూమిని మడిగా చదును చేయాలంటే ఎడ్లు కావాలి, కూలీలు కావాలి, చేతిలో డబ్బు కావాలి, పైగా తరి శిస్తు ఖుష్కీ శిస్తు కంటే చాలా ఎక్కువ. కోస్తా నుండి రైతులు వచ్చి ఆ భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. వాళ్లు కష్టజీవులు, డెల్టాలో నేర్చిన విద్య తెచ్చారు, పంట తీశారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. అమ్ముకున్నవాని సంగతి ఏమిటి? తన పొలానికి నీళ్లు వచ్చిన సంవత్సరమే ఆ పొలం చేజారిన రైతు ఎంతమందో!

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ ద్రవ్యము, రూపము అని వేరు చేసి చెప్పినది మా బుర్రకు సులభంగా ఎక్కేది కాదు. పహాణీ చూసిన రోజున అర్థమైంది. భూమి ద్రవ్యమైతే నీరు దానికి కొత్త రూపం ఇస్తుంది. ఆ రూపం ఎవరి ఇంటికి అన్నం అవుతుందన్నది ఇంజనీరు గీసిన పటంలో ఉండదు.

మన నల్లగొండ జిల్లా సంగతి ఇంకా కఠినం. నిజాం రాజ్యంలో సుమారు నలభై శాతం భూమి సర్ఫెఖాసు, జాగీర్ల కింద ఉండేది. మిగిలిన దివానీ భూమిలోనూ దేశ్‌ముఖులదే పెత్తనం. మోతె అప్పుడు సూర్యాపేట తాలూకాలో ఉండేది. ఆ ఒక్క తాలూకాలోనే ఒక దొర కింద లక్షకు పైగా ఎకరాలు ఉండేవని పోరాట చరిత్ర రాసినవారు లెక్క చెప్పారు. దున్నేవాడు వెట్టివాడు. చెరువు కింద మొదటి తూము నీళ్లు దొర పొలానికే. అలాంటి చోట కొత్త జలాశయం కట్టితే ఎవరి గాదె నిండుతుందో మీరే ఊహించండి. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత ఈ ప్రాంతమంతా అంటుకుంది. నీటి లెక్కలు ఎంత సరిగ్గా వేసినా భూమి లెక్క సరిచేయని రాజ్యం అలా కూలింది.

ఇందులో అలీ నవాజ్ జంగ్ తప్పు ఎంత? ఈ ప్రశ్నకు నా మనసు రెండు విధాలుగా జవాబు చెబుతుంది. ఆయన రాజు కొలువులో ఉన్న ఉన్నతాధికారి, జాగీర్దారీ వ్యవస్థను వేలెత్తి చూపిన దాఖలా నాకు కనబడలేదు. మరోవైపు, భూస్వామ్యం పోయింది, రాజ్యం పోయింది, కట్ట మాత్రం నిలిచింది. జాగీర్లు రద్దయిన తరువాత, కౌలుదారు చట్టాలు వచ్చిన తరువాత, ఆ నీరే చిన్న రైతు మడికి పారింది. ఫిలిష్తీయులు పూడ్చిన బావులను ఇస్సాకు మళ్లీ తవ్వించినట్లు ఆదికాండములో చదువుతాం. బావి తవ్వినవాడు ఒకడు, తాగేవాడు మరొకడు. రెండో జవాబు వైపే నేను కొంచెం మొగ్గుతాను, కానీ మునిగిన నలభై ఊళ్లు గుర్తుకు వస్తే ఆ మొగ్గు కూడా ఆగిపోతుంది.

ఆయన చూపు ఒక్క మంజీర, ఒక్క పాలేరు వద్ద ఆగలేదు. రాజ్యంలోని నదుల్లో ఎంత నీరు పారుతుందో, అందులో హైదరాబాదు వాటా ఎంతో తేల్చాలని పట్టుబట్టారు. తుంగభద్ర నీటిపై మద్రాసుతో జరిగిన చర్చల్లో హైదరాబాదు పక్షాన వాదించారు. 1938లో కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘానికి జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షుడు. అందులో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి నిజాం కొలువులో పెరిగిన ఈ ఇంజనీరునే అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. 1955 డిసెంబరు 10న నాగార్జున సాగరుకు నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ఆయన లేరు. 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. జాగీర్లు రద్దయి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు.

నాగార్జున సాగర్ ఎడమ కాలువ 1967లో మొదలైంది. కోదాడ వైపు ఊళ్లను తడుపుకుంటూ ఆ కాలువ వచ్చి కలిసేది ఎక్కడో తెలుసా? పాలేరులోనే. అలా ఒక చిన్న ఏటి మీద ఆయన కాలంలో కట్టిన జలాశయం పెద్ద కృష్ణా కాలువకు నడుమ ఊపిరి తీసుకునే చోటు అయింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టిన జులై 11ను ఇంజనీర్ల దినంగా ప్రకటించింది. ఇన్నేళ్లకైనా గుర్తుచేసుకున్నందుకు సంతోషం.

అయినా నీటి కథ ఎప్పుడూ ఒక చోట ఆగదు. నిజాం సాగర్ మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి 18 టీఎంసీల లోపుకు వచ్చింది. మన ప్రాంతానికి శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల్లో గోదావరి నీరు పారినప్పుడు జనం ఎదురెళ్లి పూలు చల్లారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక ఆ తరువాతి యాసంగిలో కాలువ చివరి పొలాల్లో వరి ఎండి పశువుల పాలైంది. 2024 సెప్టెంబరు మొదట్లో అందుకు పూర్తి విరుద్ధంగా పాలేరు పొంగింది, నడిగూడెం మండలంలో ఎడమ కాలువ కట్ట తెగి ఇసుక మేటలు వేసింది. ఒకే సంవత్సరంలో ఎండబెట్టిందీ నీరే, ముంచిందీ నీరే. ఆ రెండు దెబ్బల మధ్యనే మన అన్నదమ్ముల గట్టు కూడా తెగింది.

వాళ్ల సంగతి అడుగుతారేమో. రెండుసార్లు కూర్చున్నాం. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదు, వదినా మరదళ్లు మాత్రం వంటింట్లో కలిసి టీ పెట్టారు. రెండోసారి తాత కాలం నాటి పహాణీ అందరి ముందు పరిచాను. ఖుష్కీ అని ఉన్న రోజుల్లో ఆ చెలకలో జొన్న తప్ప వేరే పంట లేదని, అయినా తండ్రి ఇద్దరినీ ఒకే ఎడ్లబండిలో బడికి తీసుకుపోయేవాడని పెద్దాయన ఒకరు గుర్తు చేశారు. అన్న చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి తన మడి అంచున ఒక గొట్టం వేసి, వంతు రోజున దిగువకు నీరు వదలడానికి ఒప్పుకున్నాడు. వంతు రోజులు రాసుకున్నాం. గొట్టం ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం రెండో పూజ తరువాత మళ్లీ కూర్చుంటున్నాం. మొదటి పూజకు వచ్చేవాడు ఆ రోజు రెండో పూజదాకా ఆగుతానన్నాడు.