హార్లెం ఫొటోగ్రాఫర్ జేమ్స్ వాన్ డెర్ జీ



హాస్టల్ వార్షికోత్సవం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది గ్రూప్ ఫొటో. కుర్చీల్లో వార్డెన్ గారు, ట్యూటర్లు, వెనుక బెంచీల మీద నిలబడ్డ పదో తరగతి వాళ్ళు, ముందు నేల మీద చిన్నపిల్లలు. ఆ వయసులో ఆ ఒక్క ఫొటో తప్ప వేరే ఫొటో లేని వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నా సంగతే చెబుతాను. మా నాన్న చనిపోయాక గోడకు పెట్టుకుందామని ఫొటో కోసం ఇల్లంతా వెతికితే, రేషన్ కార్డు మీద అందరం కలిసి దిగిన చిన్న ఫొటో తప్ప ఏమీ దొరకలేదు. టౌనులో స్టూడియో ఆయన అందులోంచి నాన్న ముఖం పెద్దది చేసి, కింద ఒక కోటు అతికించి ఇచ్చాడు. నాన్న జన్మలో కోటు తొడుక్కోలేదు. నాకు అది అబద్ధంలా అనిపించింది. అమ్మ మాత్రం ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

అలాంటి పనే చేస్తూ బతికిన ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్ గురించి చదివాక, అమ్మ ఎందుకలా నిలబడిందో నాకు కొంత అర్థమయింది. అందుకే ఈసారి ఆయన కథ రాస్తున్నాను.

జేమ్స్ వాన్ డెర్ జీ 1886 జూన్ 29న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెనాక్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తల్లిదండ్రులు ఒకప్పుడు న్యూయార్క్‌లో, మాజీ అధ్యక్షుడు గ్రాంట్ ఇంట్లో పని చేసిన వాళ్ళు. ఆరుగురు పిల్లల్లో ఈయన రెండోవాడు. పియానో, వయొలిన్ చిన్నప్పుడే నేర్చుకున్నారు. సెంటు పొడి పొట్లాలు అమ్మిపెడితే కెమెరా బహుమతిగా ఇస్తామన్న ప్రకటన చూసి, పొట్లాలన్నీ అమ్మి కెమెరా తెప్పించుకున్నారు. తీరా చూస్తే అది సరిగా పని చేసేది కాదు! ఆ తర్వాత డబ్బు కూడబెట్టి మరొకటి కొన్నారు. ఇంట్లో వాళ్ళను, ఊళ్ళో వాళ్ళను తీస్తూ, కడగడం, ప్రింటు వేయడం సొంతంగా నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్ళ వయసు నాటికి న్యూయార్క్ చేరారు. హోటళ్ళలో వడ్డించారు, లిఫ్టు నడిపారు, బ్యాండుల్లో వాయించారు, సంగీత పాఠాలు చెప్పారు. 1907లో కేట్ బ్రౌన్‌ను పెళ్ళి చేసుకున్నారు. కొడుకు పసితనంలోనే పోయాడు. కూతురు రేచల్ 1927లో చనిపోయింది. ఆ పెళ్ళి కూడా నిలవలేదు.

ఆయన దారి తేలింది నెవార్క్ పట్టణంలో. అక్కడ ఒక పెద్ద దుకాణంలో ఉన్న ఫొటో స్టూడియోలో డార్క్ రూం సహాయకుడిగా చేరారు. యజమాని లేనప్పుడు కెమెరా వెనుక ఈయనే నిలబడేవారు. యజమాని త్వరత్వరగా తీసి పంపించేస్తే, ఈయన మనిషిని కూర్చోబెట్టి, తల ఎటు తిప్పితే బాగుంటుందో, చెయ్యి ఎక్కడ పెడితే బాగుంటుందో చూసి, నిదానంగా తీసేవారు. కొన్నాళ్ళకు వచ్చిన వాళ్ళు ఆ నల్లాయనే తీయాలని అడగడం మొదలుపెట్టారు. అప్పుడు ఆయనకు ధైర్యం వచ్చింది.

1916 ప్రాంతంలో గేనెల్లా గ్రీన్లీతో కలిసి న్యూయార్క్‌లోని హార్లెంలో గ్యారంటీ ఫొటో స్టూడియో తెరిచారు. ఆ తర్వాత ఆమె ఆయన భార్య అయ్యారు. స్టూడియో పనిలో తోడుగా నిలిచారు. హార్లెం అప్పుడు మామూలు పేట కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో వివక్షను, పేదరికాన్ని భరించలేక నల్లజాతి కుటుంబాలు వేలాదిగా ఉత్తరాదికి వలస వస్తున్న కాలం అది. వచ్చిన వాళ్ళకు ఊళ్ళో ఉన్న అమ్మకు, చెల్లెలికి పంపడానికి ఒక ఫొటో కావాలి. మేము ఇక్కడ బాగున్నాం అని ఆ ఫొటోయే చెప్పాలి. హైదరాబాదు వెళ్ళి పనిలో చేరిన అన్న చార్మినార్ ముందు నిలబడి ఫొటో పంపడం మన ఇళ్ళల్లో కూడా ఉన్నదే కదా.

ఆ రోజుల్లో అమెరికా పత్రికల్లో, ప్రకటనల్లో నల్లజాతి మనిషి బొమ్మ వేస్తే నవ్వుకోవడానికే వేసేవారు. వాన్ డెర్ జీ స్టూడియోలోకి వస్తే వేరే లోకం. గోడకు రంగులతో గీసిన తెర, మంచి కుర్చీ, బల్ల మీద పూలకుండీ, చేతిలో పుస్తకం. ఫొటో తీశాక నెగటివ్ మీద సన్నటి పరికరాలతో గంటల తరబడి కూర్చునేవారు. వంకర పళ్ళు సరి చేసేవారు, ముడతలు తగ్గించేవారు, మెడలో నగ లేకపోతే గీసేవారు, సిగరెట్టుకు పొగ కూడా గీసేవారు! రెండు నెగటివ్‌లు కలిపి ఒకే ప్రింటు వేయడం ఆయన ప్రత్యేకత. 1926లో తీసిన ఒక పెళ్ళి ఫొటోలో వధూవరుల కాళ్ళ దగ్గర, ఇంకా పుట్టని బిడ్డ నీడలాగా కనిపిస్తుంది.

ఇది మోసం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ మా నాన్న కోటు గురించి అలాగే అనుకున్నాను. కానీ ఎంత కష్టపడినా తమను మనుషులుగా చూడని దేశంలో, తాము ఎలా కనబడాలనుకున్నారో అలా కనబడే హక్కు ఆ మనుషులకు ఆ గదిలో దొరికింది. డబ్బిచ్చి కొనుక్కున్నదే, అయినా దొరికింది.

స్టూడియోలో కూర్చుంటే సరిపోయేది కాదు. పెళ్ళిళ్ళు, చర్చి బృందాలు, బడిపిల్లలు, క్రీడా జట్లు, చావులు అన్నింటికీ పిలిస్తే వెళ్ళేవారు. శవపేటిక దగ్గర తీసిన ఫొటోల మీద దేవదూతల బొమ్మలు కలిపి ప్రింటు వేసేవారు. ఆ ఫొటోలతో 1978లో ఒక పుస్తకమే వచ్చింది, దానికి రచయిత్రి టోనీ మారిసన్ ముందుమాట రాశారు. 1924లో మార్కస్ గార్వీ ఉద్యమానికి అధికారిక ఫొటోగ్రాఫరుగా ఊరేగింపులు, సభలు తీశారు. 1932లో కాడిలాక్ కారు దగ్గర బొచ్చు కోట్లు వేసుకున్న దంపతులను తీసిన ఫొటో ఈనాటికీ చాలా ప్రసిద్ధం. అప్పుడు అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో మునిగి ఉందని గుర్తుంచుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చౌక కెమెరాలు ఇంటింటికీ వచ్చాయి. సెల్ ఫోన్ వచ్చాక మన టౌన్లలో స్టూడియోల గతి ఏమయిందో చూశాం, అక్కడ అది ముందే జరిగింది. ఫొటో తీయించుకునే వాళ్ళు తగ్గారు. పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, పోస్టులో వచ్చిన పాత చిరుగు ఫొటోలు బాగు చేసి పంపుతూ భార్యాభర్తలు రోజులు గడిపారు. స్టూడియో పేరు అప్పటికే జీజీజీగా మారింది.

1967లో రెజినాల్డ్ మెగీ అనే ఆయన, మెట్రోపాలిటన్ మ్యూజియంలో హార్లెం మీద పెట్టబోయే ప్రదర్శన కోసం పాత ఫొటోలు వెతుకుతూ ఈ స్టూడియోకి వచ్చారు. లోపల వేల కొద్దీ నెగటివ్‌లు! చాలా వాటి మీద సంతకం, సంవత్సరం కూడా ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా యాభై ఏళ్ళు ఆయన వాటిని పారేయలేదు. 1969లో ప్రదర్శన జరిగింది. నల్లజాతి చిత్రకారుల బొమ్మలు ఒక్కటీ పెట్టలేదని బయట నిరసనలు జరిగాయి. లోపల మాత్రం అందరికంటే ఎక్కువగా ఉన్నవి వాన్ డెర్ జీ ఫొటోలే. ఎనభై దాటిన వయసులో ఆయన పేరు దేశమంతా తెలిసింది.

అదే ఏడాది అప్పుల వల్ల ఇల్లు, స్టూడియో రెండూ పోయాయి. గేనెల్లా ఆరోగ్యం చెడింది, 1976లో ఆమె చనిపోయారు. ఫొటోల మీద హక్కులు కూడా వేరే వాళ్ళ చేతికి వెళ్ళడంతో, తన నెగటివ్‌ల కోసం తానే కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ గొడవ ఆయన పోయాక 1984లో గానీ తెగలేదు. జీవితకాలపు కష్టం ఒక కాగితం మీద చేతులు మారిపోతుంది, తమ్ముళ్ళారా, సంతకం పెట్టే ముందు చదవండి.

1978లో డోనా మస్సెండెన్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమె ప్రోత్సాహంతో తొంభై దాటాక మళ్ళీ కెమెరా పట్టారు. మహమ్మద్ అలీ వచ్చి ఆయన ముందు కూర్చున్నారు. 1982లో యువ చిత్రకారుడు బాస్కియా వచ్చారు. వాళ్ళకూ అదే పాత పద్ధతి, కుర్చీ, తెర, తొందర లేకుండా చూడడం.

1983 మేలో వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మే 15న ఆయన కన్నుమూశారు. వయసు 96.

2021లో మెట్రోపాలిటన్ మ్యూజియం, హార్లెం స్టూడియో మ్యూజియం కలిసి ఆయన సేకరణను భద్రపరిచాయి. అందులో సుమారు 20,000 ప్రింట్లు, 30,000 నెగటివ్‌లు ఉన్నాయి. తీసిన వాడి పేరు తెలుసు, సంవత్సరం తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళలో చాలామంది పేర్లు మాత్రం ఇంకా తెలియవు.