వట్టికోట ఆళ్వారుస్వామి

నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానమున లక్షలాది ప్రజల మాతృభాష తెలుగు. అయినను కచేరీలలోను, ఉన్నత విద్యలోను ఉర్దూభాషయే చెల్లుచుండెను. పల్లెలలో తెలుగు పుస్తకము కంటబడుటయే అరుదు. అట్టి దినములలో పుస్తకముల మూటతో ఊరూర తిరిగి ప్రజలకు చదువు రుచి చూపిన త్యాగశీలి వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆయన 1915వ సంవత్సరమున నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున ఒక పేద కుటుంబములో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. బడికి పోయి చదువుకొను భాగ్యము ఆ బాలునకు లేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేయుచు ఆయన అక్షరములు దిద్దుకొనెను. పిమ్మట విజయవాడలో హోటలు పనివాడుగా చేరి, పగలెల్ల శ్రమించి, తీరిక వేళల గ్రంథములు చదివెను. వంటయింటి పొగ ఆయన కన్నులను మండించెనేగాని, జ్ఞానతృష్ణను చల్లార్చలేకపోయెను.

తరువాత ఆయన హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దు ఉద్యోగము సంపాదించెను. తనవలె చదువునకు దూరమైనవారికి పుస్తకమును దగ్గర చేయవలెనను కోరిక ఆయనలో బలపడెను. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పెను. దేశోద్ధారకుడను బిరుదు పొందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మృతిగా దానికి ఆ పేరు పెట్టెను. ధనబలము లేకున్నను ముప్పదికి పైగా గ్రంథములను ప్రకటించెను. కొనువారు తనకడకు వత్తురని ఎదురుచూడక, తానే పుస్తకములు మోసికొనిపోయి అమ్మెను.

ఆయన కేవలము పుస్తకములతో తృప్తి చెందలేదు. ఆంధ్రమహాసభలో పనిచేసెను, కార్మికుల పక్షమున నిలిచెను. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాల కేగెను. పిదప నిజాం నిరంకుశత్వము నెదిరించి మరల బందీ అయ్యెను. నిజామాబాదు జైలులో మహాకవి దాశరథి ఆయనకు సహచరుడు. దాశరథి తన అగ్నిధార కావ్యమును ఈ మిత్రునకే అంకితమిచ్చెను.

చెరసాలలో తాను చూచిన ఖైదీల బ్రతుకులను ఆళ్వారుస్వామి జైలు లోపల అను కథలుగా వ్రాసెను. నేరమును మాత్రమే చూచి మనిషిని మరువరాదని ఆ కథలు బోధించును. 1955లో వెలువడిన ప్రజల మనిషి నవలలో దొరల దౌర్జన్యమును, దాని నెదిరించిన కంఠీరవమను యువకుని ధైర్యమును చిత్రించెను. గంగు అను మరియొక నవల పూర్తి కాకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియైదేండ్లు మాత్రమే.

ఆళ్వారుస్వామి ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. తాను కష్టపడి సంపాదించిన విద్యను పదిమందికి పంచుటయే పరమార్థమని ఆయన తలచెను. తన నవలకు పెట్టిన పేరునకు తానే తగినవాడయ్యెను.