పుస్తకాల పెట్టెలతో సముద్రం దాటిన బాబాసాహెబ్

ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పటానికి పూలమాల వేసి, రాజ్యాంగ నిర్మాత అని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన కూడా ఒకప్పుడు మనలాగే స్కాలర్‌షిప్ మీద చదువుకున్న విద్యార్థే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని విదేశీ చదువు గురించి నాలుగు మాటలు రాయాలని మేమంతా అనుకున్నాం.

అంబేద్కర్ గారు 1891లో మౌ పట్టణంలో జన్మించారు. 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుండి బి.ఏ. పూర్తి చేశారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ గారు కన్నుమూశారు. కొడుకు చదువు కోసం అప్పులు చేసిన తండ్రి ఆయన. ఇంట్లో భార్య రమాబాయి, అప్పుడే పుట్టిన కొడుకు యశ్వంత్ ఉన్నారు. అలాంటి సమయంలో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ గారు అమెరికాలో చదవడానికి మూడేళ్లపాటు నెలకు 11.5 పౌండ్ల స్కాలర్‌షిప్ మంజూరు చేశారు. చదువు ముగిశాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలన్నది షరతు. కుటుంబాన్ని బొంబాయిలో విడిచి ఆయన 1913 జూలైలో న్యూయార్క్ చేరారు.

కొలంబియా విశ్వవిద్యాలయ వసతి గృహంలో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి ఆయనకు గదిమిత్రుడయ్యాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1915లో ఎం.ఏ. పట్టా వచ్చింది. తిండిఖర్చు తగ్గించుకుని మిగిలిన డబ్బుతో పాత పుస్తకాలు కొనేవారు. అవి దాదాపు 2,000 అయ్యాయని జీవిత చరిత్రకారులు రాశారు. వాటిని ఇండియా చేర్చమని ఒక మిత్రుడికి అప్పగించి లండన్ వెళ్లారు. వాటిలో చాలా పుస్తకాలు తిరిగి రాలేదు.

1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. మరుసటి ఏడు స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి చదువు పూర్తి చేసుకునేందుకు అనుమతి తీసుకుని బయలుదేరారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆయన ఒక ఓడలో, సామాను మరో ఓడలో వచ్చాయి. సామాను ఓడను జర్మన్లు టార్పెడోతో ముంచేశారు. పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. నష్టపరిహారంగా వచ్చిన 600 రూపాయలే బరోడా ప్రయాణానికి దారిఖర్చు అయ్యాయి.

బరోడాలో ఎదురైన నష్టం ఇంతకంటే పెద్దది. అమెరికా పట్టా ఉన్నా అద్దెకు గది ఇచ్చేవారు లేరు. పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయనను సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. తెలిసినవారిని అడిగినా చోటు దొరకలేదు. ఒక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. చదువు మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్లినా కులం గుమ్మం దగ్గరే ఆపుతుందని ఆయనకు అనుభవంతో తెలిసింది.

అయినా చదువు ఆపలేదు. 1918 నుండి సిడెన్‌హామ్ కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేసి జీతంలో పొదుపు చేశారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. పాత గదిమిత్రుడు భతేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చాడు. 1920లో మళ్లీ లండన్ చేరారు. అర్ధాకలితో ఉంటూ, బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో మూసేవేళ వరకు చదివేవారు. 1921లో ఎం.ఎస్‌సి. వచ్చింది. రూపాయి సమస్యపై రాసిన డి.ఎస్‌సి. సిద్ధాంత గ్రంథాన్ని సవరించమని పరీక్షకులు అడిగారు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయింది. 1923లో బొంబాయి వచ్చి, ఇక్కడే సవరించి పంపి, అదే ఏడు పట్టా సాధించారు. కొలంబియా పిహెచ్.డి. 1927లో చేతికి అందింది.

మనం గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. గది కోసం అవమానపడిన ఆ మనిషి 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. మరుసటి ఏడే ఆ సభ షోలాపూర్‌లో అణగారిన విద్యార్థుల కోసం హాస్టల్ తెరిచింది. తరువాత దాదర్‌లో రాజగృహ కట్టుకుని వేలాది పుస్తకాలకు చోటిచ్చారు. 1953లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1956 డిసెంబర్ 6న పరమపదించారు.

తమ్ముళ్లారా! స్కాలర్‌షిప్ ఆలస్యమైందనో, పుస్తకాలు లేవనో, ఇంటి దగ్గర అమ్మానాన్నలు కష్టపడుతున్నారనో చదువు మానేద్దామన్న ఆలోచన మనలో చాలామందికి వస్తుంది. బాబాసాహెబ్ పుస్తకాలు సముద్రంలో మునిగాయి గానీ చదివినది మునగలేదు. మధ్యలో ఆగిన చదువును మూడేళ్ల తరువాత వెళ్లి పూర్తి చేశారు. చదువు ఆపిన మిత్రులను మళ్లీ తీసుకువచ్చే బాధ్యత మనది. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలు ఒక్కొక్కరూ ఒక తమ్ముడికి భతేనాలా నిలవాలని మా మనవి.

జై భీమ్!